కళ్ళు తిరుగుతున్నాయా? టాబ్లెట్ వేసుకునే ముందు ఇవి చూసుకోండి

మా అమ్మది హిందూపురం. రెండేళ్ళ క్రితం చలికాలంలో బెంగళూరులో మా ఇంటికి వచ్చినప్పుడు ఒకరోజు తెల్లవారుజామున ఫోన్‌లో అలారం ఆపుదామని కుడిపక్కకి తిరిగింది, అంతే, "పాపా, ఇల్లంతా గిర్రున తిరుగుతాంది" అని కేకేసింది. నేను వెళ్ళేసరికి రెండు చేతుల్తో దుప్పటి గట్టిగా పట్టుకుని ఉంది, కళ్ళు గట్టిగా మూసేసుకుంది. నిమిషం లోపే తగ్గిపోయింది గానీ ఆ తర్వాత వాంతి అయ్యింది. పైత్యం చేసిందేమోలే అని నిమ్మకాయ నీళ్ళు తాగించాను. మర్నాడు పొద్దున మళ్ళీ అదే టైముకి, అదే పక్కకి తిరిగితే మళ్ళీ అంతే.

దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే మెడకి ఎక్స్‌రే తీసి స్పాండిలైటిస్ అన్నారు, కాలర్ పెట్టుకోమన్నారు, మూడు పూటలా కళ్ళు తిరగకుండా టాబ్లెట్లు రాశారు. మూడు వారాలు ఆ కాలర్‌తో, ఆ టాబ్లెట్ల మత్తులో అమ్మ సోఫాలో ఒకే పోజులో కూర్చుండిపోయింది, తల కదిపితే ఏమవుతుందోనన్న భయంతో వంటింట్లోకి కూడా రాలేదు. చివరికి ఒక ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన అమ్మని బల్ల మీద ఒక పద్ధతిలో పడుకోబెట్టి, తలని నాలుగు రకాలుగా తిప్పి, పది నిమిషాల్లో కూర్చోబెట్టేశారు. ఇంటికొచ్చే దారిలో అమ్మ ఆటోలో తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ మూడు వారాలు తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా చేయాల్సింది, "కళ్ళు తిరుగుతున్నాయి" అనే మాటని విడగొట్టుకోవడం. మనం తెలుగులో నాలుగైదు వేరు వేరు ఇబ్బందులకి ఇదే మాట వాడేస్తాం. గది, ఫ్యాను, గోడలు నిజంగా గుండ్రంగా తిరుగుతున్నట్టు అనిపిస్తే అది వెర్టిగో, ఎక్కువసార్లు చెవికి సంబంధించింది. లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మి, చీకట్లు కమ్మి, పడిపోతానేమో అనిపిస్తే అది బీపీ, రక్తం, నీళ్ళు, గుండె వైపు చూడాల్సిన సంగతి. తల బానే ఉంది గానీ నడిస్తే తూలుతున్నాను, కాళ్ళు ఎటో పడుతున్నాయి అంటే నరాలు, మెదడు వైపు చూడాలి. తలంతా దిమ్ముగా, తేలిపోతున్నట్టు నెలల తరబడి ఉంటే అది ఇంకో దారి. అయితే ఒక్కటి, చాలామందికి ఇవి కలగాపులగంగా ఉంటాయి, సరిగ్గా చెప్పలేరు కూడా, కాబట్టి ఎలా ఉంది అనేదానికంటే ఎంతసేపు ఉంది, ఏం చేస్తుంటే వచ్చింది అనే రెండు ప్రశ్నలే ఎక్కువ పనికొస్తాయి. ఒక నోట్‌బుక్కులో రాసుకోండి, టైము, ఏం చేస్తున్నారు, ఎన్ని సెకన్లు లేదా గంటలు, చెవిలో హోరు ఉందా, వినపడటం తగ్గిందా, తలనొప్పి ఉందా, వారంలో కొత్త టాబ్లెట్ ఏదైనా మొదలుపెట్టారా. ఇంకో మంచి పని, తిరుగుతున్న టైములో పక్కనున్నవాళ్ళు ఫోన్‌తో దగ్గర్నుంచి కళ్ళు వీడియో తీయడం. కనుగుడ్లు ఎటు కొట్టుకుంటున్నాయో చూస్తే డాక్టర్‌కి సగం జవాబు దొరుకుతుంది, మనం క్లినిక్‌కి వెళ్ళేసరికి ఆ కదలిక ఆగిపోయి ఉంటుంది కదా.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఎప్పుడు ఆలస్యం చేయకూడదు. తల తిరగడంతో పాటు మాట తడబడినా, మూతి ఒక పక్కకి వంకరపోయినా, ఒక వైపు చెయ్యీ కాలూ పట్టు తప్పినా, తిమ్మిరెక్కినా, వస్తువులు రెండుగా కనిపించినా, మింగడం కష్టమైనా, ఎప్పుడూ లేనంత తలనొప్పో మెడనొప్పో ఒక్కసారిగా వచ్చినా, లేదా ఏ ఆసరా లేకుండా నిలబడలేకపోయినా అది మెదడు వెనక భాగానికి వచ్చిన స్ట్రోక్ కావచ్చు. కొన్నిసార్లు ఈ గుర్తులేవీ పెద్దగా లేకుండా ఆగకుండా తల తిరగడం, నడవలేకపోవడం మాత్రమే ఉంటుంది, బీపీ షుగర్ ఉన్న పెద్దవాళ్ళలో దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, కాబట్టి చివరిసారిగా ఎన్ని గంటలకి బాగున్నారో గుర్తుపెట్టుకుని 108కి ఫోన్ చేసి స్ట్రోక్ అనుమానం అని స్పష్టంగా చెప్పండి. మన బెంగళూరు ట్రాఫిక్ తెలిసిందే, తెలిసిన డాక్టర్ అని నగరం ఆ చివర్నుంచి ఈ చివరికి క్యాబ్‌లో పోకుండా, రాత్రీపగలూ స్కాన్ తీసే దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్ళండి. హోసూర్ రోడ్డులో ఉన్న నిమ్హాన్స్‌లో నరాల ఎమర్జెన్సీ 24 గంటలూ ఉంటుంది, ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి. కన్నడ సరిగ్గా రాకపోతే "తలె సుత్తు బర్తా ఇదె" అంటే చాలు, తల తిరుగుతోందని అర్థమవుతుంది. ఛాతీనొప్పి, గుండె దడ, స్పృహ తప్పడం ఉన్నా ఎమర్జెన్సీనే. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే కూడా వారం చూద్దాంలే అనుకోకండి, ఆ రోజో మర్నాడో ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళాలి, దానికి మందు తొందరగా మొదలుపెడితేనే ఫలితం.

అవేవీ లేవు, పడుకునేటప్పుడు, పక్కకి తిరిగినప్పుడు, అటక మీది గిన్నె తీయడానికి పైకి చూసినప్పుడు, బట్టలు పిండడానికి వంగినప్పుడు మాత్రమే గిర్రున తిరిగి నిమిషం లోపే ఆగిపోతోంది అంటే అది చాలావరకు బీపీపీవీ, అంటే తల కదిపినప్పుడు మాత్రమే వచ్చే, ప్రాణాపాయం లేని చెవి వెర్టిగో. వెర్టిగోల్లో అన్నిటికంటే మామూలుగా కనిపించేది ఇదే, మా అమ్మకి వచ్చిందీ ఇదే.

అసలు లోపల ఏం జరుగుతుందంటే, మన ప్రతి చెవి లోపలి భాగంలో మూడు వంపు గొట్టాలు ఉంటాయి, వాటిలో నీరులాంటి ద్రవం ఉంటుంది. మేస్త్రీ దగ్గర రసమట్టం చూసి ఉంటారు కదా, గోడ ఎటు వంగిందో బుడగ చెప్పినట్టు తల ఎటు తిరిగిందో ఈ ద్రవం కదలిక మెదడుకి చెప్తుంది. చిన్నప్పుడు ఒప్పులకుప్ప తిరిగి ఆగాక కూడా వాకిలంతా తిరుగుతూనే ఉండేది, మనం ఆగినా లోపలి ద్రవం ఇంకా కదులుతూ ఉండటమే దానికి కారణం. ఆ గొట్టాల పక్కనే ఒక చిన్న సంచిలో కాల్షియం కార్బొనేట్ పలుకులు అంటుకుని ఉంటాయి, కోడిగుడ్డు పెంకు ఏ పదార్థమో ఇవీ అదే. వయసు వల్లో, తలకి దెబ్బ తగిలో, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానో ఆ పలుకులు ఊడి గొట్టంలోకి జారిపోతాయి, ఎక్కువసార్లు వెనక గొట్టంలోకి. తల కదిపినప్పుడల్లా పలుకులు జారుతూ ద్రవాన్ని తోస్తాయి, మెదడు మనం తిరిగిపోతున్నాం అనుకుంటుంది. ఇది అర్థమైతే టాబ్లెట్‌తో ఆ పలుకులు ఎందుకు బయటికి రావో కూడా అర్థమైపోతుంది. వాటిని తిప్పి వచ్చిన దారినే బయటికి పంపాలి.

కనిపెట్టే పరీక్ష పేరు డిక్స్ హాల్‌పైక్, 1952 నుంచీ ఉంది, దీనికి మెషీన్ ఏమీ అక్కర్లేదు. ఆ రోజు డాక్టర్ అమ్మని కూర్చోబెట్టి తలని కుడికి 45 డిగ్రీలు తిప్పి గబుక్కున వెనక్కి పడుకోబెట్టి, తల బల్ల అంచు కిందికి కాస్త వాలేట్టు పట్టుకున్నారు. మూడు నాలుగు సెకన్లు ఏమీ లేదు. తర్వాత ఒక్కసారిగా కనుగుడ్లు పైకి కొట్టుకుంటూ మెలి తిరగడం మొదలైంది, నేను అమ్మ మొహం పక్కనే నిలబడి చూశాను, ఇరవై సెకన్ల తర్వాత మెల్లగా ఆగిపోయింది. "చూశావా అమ్మా, కుడి చెవి" అన్నారు ఆయన. అంతకుముందు మూడు వారాల్లో ఎవరూ ఆవిడ కళ్ళలోకి చూడనే లేదు. ఈ పరీక్షలో స్పష్టంగా తేలి, వేరే లక్షణాలు లేకపోతే స్కాన్ అవసరం లేదని, తల తిరగడం ఆపే మాత్రలు మామూలుగా వాడొద్దని అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2017 మార్గదర్శకాల్లో కూడా ఉంది. కాబట్టి మీ డాక్టర్‌ని మర్యాదగా అడగండి, "సార్, ఒకసారి పడుకోబెట్టి డిక్స్ హాల్‌పైక్ పరీక్ష చేస్తారా" అని. అడగడంలో తప్పేమీ లేదు.

వైద్యం పేరు ఎప్లీ. అమెరికాలో పోర్ట్‌లాండ్‌కి చెందిన జాన్ ఎప్లీ అనే డాక్టర్ కనిపెట్టారు, మొదట్లో తోటి డాక్టర్లు నమ్మలేదు, 1992లో ఆయన పేపర్ అచ్చయ్యాక మెల్లగా ప్రపంచమంతా చేయడం మొదలుపెట్టింది. మొదటిసారి డాక్టర్ దగ్గరో, దీనిలో ట్రైనింగ్ ఉన్న ఫిజియోథెరపిస్ట్ దగ్గరో చేయించుకోండి, ఏ చెవో వాళ్ళతో తేల్చుకోండి. మెడకి, వెన్నుకి ఆపరేషన్ అయినవాళ్ళు, మెడ ఎముకల జబ్బు బాగా ముదిరినవాళ్ళు, మెడ రక్తనాళాల్లో అడ్డంకి ఉన్నవాళ్ళు, ఈమధ్య కంట్లో రెటీనా ఊడినవాళ్ళు ఇంట్లో సొంతంగా చేయొద్దు. మిగతావాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ఇంట్లో చేసుకోవచ్చు, పక్కన ఒకళ్ళు ఉండాలి, కడుపు నిండా తిన్న వెంటనే వద్దు.

కుడి చెవికి ఎలాగో చెప్తాను. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చోండి, వెనక ఒక దిండు పెట్టుకోండి, వెనక్కి వాలితే ఆ దిండు భుజాల కిందికి రావాలి, తల కిందికి కాదు, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తలని కుడికి 45 డిగ్రీలు తిప్పండి, అంటే గడ్డం ఎదురుకీ కుడి భుజానికీ మధ్యలో ఉండాలి. అలాగే తిప్పి ఉంచి గబుక్కున వెనక్కి పడుకోండి, తల దిండు దాటి కొంచెం వెనక్కి వాలి పరుపుకి ఆనాలి. ఇప్పుడు బాగా తిరుగుతుంది. భయపడకండి, లేచిపోకండి, పక్కనున్నవాళ్ళ చెయ్యి పట్టుకోండి, కళ్ళు తెరిచే ఉంచండి. తిరగడం ఆగేదాకా, ఆగినా కనీసం 30 సెకన్లు, అలాగే ఉండండి. తర్వాత తల ఎత్తకుండా మెల్లగా ఎడమకి 90 డిగ్రీలు తిప్పండి, ఇప్పుడు గడ్డం ఎడమ వైపు అంతే దూరంలో ఉంటుంది, మళ్ళీ 30 సెకన్ల నుంచి నిమిషం. ఆ తర్వాత ఒళ్ళంతా ఎడమ పక్కకి తిప్పి ఎడమ భుజం మీద పడుకుని, ముక్కు పరుపు వైపు చూసేట్టు తలని ఇంకాస్త తిప్పండి, మళ్ళీ అంతసేపు. చివరగా గడ్డం కాస్త కిందికే ఉంచి, కాళ్ళు మంచం కిందికి వేసి, ఎడమ పక్క నుంచే మెల్లగా లేచి కూర్చోండి. లేవగానే ఒక్కసారి ముందుకో వెనక్కో తోసినట్టు అనిపించొచ్చు, అందుకే పది నిమిషాలు కూర్చునే ఉండండి, వెంటనే బాత్రూమ్‌కి నడవద్దు. ఎడమ చెవి అయితే ఇదంతా అద్దంలో చూసినట్టు తిరగేసి చేయాలి.

చాలామందికి ఒకటి రెండుసార్లకే తగ్గిపోతుంది. ఆ తర్వాత రెండు రోజులు కూర్చునే నిద్రపోవాలి, వంగకూడదు అని ఇదివరకు చెప్పేవాళ్ళు, ఇప్పుడు అవసరం లేదంటున్నారు. కొన్ని రోజులు కాస్త తేలిపోతున్నట్టు ఉంటుంది, అది మామూలే. మూడు నాలుగుసార్లు చేసినా తగ్గకపోతే పలుకులు పక్క గొట్టంలో ఉండొచ్చు, దానికి వేరే తిప్పుడు ఉంది, డాక్టర్ దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. విటమిన్ డి కూడా చూపించుకోండి, తక్కువ ఉన్నవాళ్ళు సరిచేసుకుంటే మళ్ళీ మళ్ళీ రావడం తగ్గుతుంది.

అందరిదీ ఇదే కాదు. జలుబు జ్వరం తర్వాత ఉన్నట్టుండి రోజుల తరబడి ఆగకుండా తిరుగుతూ, వాంతులు అవుతూ, వినికిడి మాత్రం బానే ఉంటే అది చెవి బ్యాలెన్స్ నరం వాపు కావచ్చు, అయితే ముందు స్ట్రోక్ కాదని డాక్టర్ తేల్చాలి. ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటలు తిరిగి, ఆ టైములో ఒక చెవి నిండినట్టు, హోరుమని, వినికిడి తగ్గి మళ్ళీ వస్తూ ఉంటే మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బుని అనుమానించాలి, దీనికి ఉప్పు తగ్గించమంటారు, మన ఇళ్ళల్లో అది ఎక్కడ దాక్కుంటుందో చూసుకోండి, ఊరగాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు. ఇక ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్ళలో చాలామందికి తెలియకుండా ఉండేది మైగ్రేన్ వెర్టిగో. తలనొప్పి అదే టైముకి ఉండాలని లేదు, వెలుతురు, చప్పుడు భరించలేకపోవడం, నిద్ర తప్పినా టిఫిన్ మానేసినా రావడం, కొన్ని నిమిషాల నుంచి మూడు రోజుల దాకా ఉండటం, ఇంట్లో అమ్మకో అక్కకో మైగ్రేన్ ఉండటం, ఇవి కలిస్తే న్యూరాలజిస్ట్‌కి చెప్పండి, దానికి మందులు వేరే ఉన్నాయి.

లేవగానే బైర్లు కమ్మేవాళ్ళు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఐదు నిమిషాలు పడుకుని బీపీ చూడండి, లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ చూడండి, పై నంబర్ 20 గానీ కింది నంబర్ 10 గానీ పడిపోతే అదే కారణం కావచ్చు, ఆ అంకెలు రాసుకుని చూపించండి. బీపీ టాబ్లెట్లు, నీరు తీసే టాబ్లెట్లు, ప్రొస్టేట్ మందులు, నిద్రమాత్రలు ఇలా చేస్తాయి, కానీ మీ అంతట మీరు ఆపేయొద్దు. పీజీ హాస్టల్లో ఉండే అమ్మాయిలూ, టిఫిన్ మానేసి ఆఫీసుకి పరిగెత్తి, నెలసరి ఎక్కువగా అవుతూ కళ్ళు తిరుగుతుంటే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. బెంగళూరు చల్లదనానికి దాహం వెయ్యదు, సాయంత్రం దాకా నీళ్ళు ముట్టనివాళ్ళని ఎంతోమందిని చూశాను. షుగర్‌కి మందు వాడేవాళ్ళు తిరుగుతున్నప్పుడే గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి, 70 కంటే తక్కువ ఉంటే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగి పావుగంటకి మళ్ళీ చూడండి.

పెద్దవాళ్ళు ముఖం కడుక్కుంటూ కళ్ళు మూసుకోగానే తూలుతున్నారా, చీకట్లో నడవడం కష్టంగా ఉందా గమనించండి. బ్యాలెన్స్‌కి చెవి, కళ్ళు, అరికాళ్ళ స్పర్శ మూడూ కావాలి, చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నా, బి12 తక్కువైనా అరికాళ్ళు మొద్దుబారి కళ్ళ మీదే ఆధారపడతారు, కళ్ళు మూస్తే ఆసరా పోతుంది. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రి చిన్న లైటు, జారని చెప్పులు, ఇవి ఏ టాబ్లెట్‌కంటే ముందు.

టాబ్లెట్ల సంగతి. స్టెమెటిల్, స్టుజెరాన్ లాంటి తల తిరగడం ఆపే మాత్రలు వాంతులు ఆగని మొదటి రెండు మూడు రోజులకి మంచివే. నెలల తరబడి వేసుకుంటే మాత్రం మెదడు కొత్త పరిస్థితికి అలవాటు పడటం ఆలస్యమవుతుంది, పెద్దవాళ్ళలో వణుకు, ఒళ్ళు బిగుసుకోవడం కూడా వస్తాయి. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో మళ్ళీ మళ్ళీ కొనొద్దు, దయచేసి. నరం వాపు తర్వాత మిగిలిపోయే తూలుకి అసలు మందు కదలడమే. చెయ్యి చాపి బొటనవేలు గోరు మీద చూపు నిలిపి, వేలు కదపకుండా తలని అటూ ఇటూ నిమిషం తిప్పండి, గోరు స్పష్టంగా కనపడేంత వేగంతోనే. తర్వాత గోడ పక్కన నిలబడి అడుగులో అడుగు వేస్తూ నడవండి. కొద్దిగా తిరుగుతుంది, తిరగాలి కూడా, దానివల్లే మెదడు సర్దుకుంటుంది. రోజుకి రెండు మూడుసార్లు, వారాల తరబడి. వెర్టిగో తగ్గినా మూడు నెలలు దాటి మాల్‌లో, మెట్రో ఎస్కలేటర్ దగ్గర, సూపర్ మార్కెట్ అరల మధ్య తేలిపోతున్నట్టు ఉండేవాళ్ళు ఇది మనసులో కల్పించుకున్నదని ఎవరన్నా అంటే వినకండి, దానికీ పేరుంది, ఈ వ్యాయామాలతో పాటు మందు, కౌన్సెలింగ్ ఉన్నాయి.

మా అమ్మకి పోయిన ఉగాది తర్వాత మళ్ళీ వచ్చింది, హిందూపురంలో ఉండగా. రాత్రి పదింటికి వీడియో కాల్ చేసింది, ముందు నేను మాట, మూతి, చేతులు అన్నీ చూశాను, నడిపించి చూశాను. పిన్ని ఫోన్ పట్టుకుంది. దిండు తల కింద పెట్టుకుంటుంటే "భుజాల కిందకి అమ్మా" అన్నాను, సర్దుకుంది, కుడికి తిరిగి వెనక్కి వాలింది, "వచ్చింది, వచ్చింది" అంటూనే కళ్ళు తెరిచే ఉంచింది, నేను ఇక్కడ సెకన్లు పైకే లెక్కపెట్టాను.